మీతో వచ్చిందా?

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి దిగి వచ్చిన ఒకామె నన్నడిగింది. "బాబూ, నువ్వుగూడా ఇమానానికేనా?"

2011 నాటి మాట. నా సూట్‌కేసుకి చుట్టిన తాడు చూసి పోల్చుకున్నట్టుంది. గల్ఫ్ వెళ్ళేవాళ్ళ పెట్టెలకి మా వైపు అట్లా తాడు చుడతారు. ఆమె పెట్టెకీ చుట్టి ఉంది. పైన పెద్దక్షరాలతో పేరు, ఊరు రాసుంది. నల్ల బురఖా, ముఖానికి ముసుగు లేదు. నలభై దాటిన మనిషి. విమానాన్ని ఇమానం అంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే నా చెవికి అది ఈమాన్ లాగా వినపడింది. ఈమాన్ అంటే విశ్వాసం. నవ్వొచ్చింది. అవునమ్మా, ఇమానానికే అన్నాను.

ఆ రాత్రంతా ఒకే బోగీలో ప్రయాణం. వాళ్ళది రేపల్లె అవతల ఒక పల్లె. నూర్‌బాషా కుటుంబం. దూదేకుల అంటే తెలుగువాళ్ళందరికీ తెలుస్తుంది. దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికిన జనం. ఆమె మొగుడు విల్లు భుజాన వేసుకుని రేపల్లె, బాపట్ల, చీరాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడట. ఫోం పరుపులు వచ్చాక విల్లు అటకెక్కింది. ఆయన మంచానికి అతుక్కుపోయాడు. కూతురి పెళ్ళికి చేసిన అప్పు అట్లాగే ఉంది. అందుకని ఆమె గల్ఫ్‌లో ఇంటిపనికి బయల్దేరింది. అక్కడ ఆ పని చేసే ఆడవాళ్ళని ఖద్దామా అంటారు.

పదో తరగతి పాసుకాని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం అట్లాంటివాళ్ళు పనికోసం గల్ఫ్ దేశాలకి పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే ఆడమనిషికైతే ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. చదువు లేనివాళ్ళు మోసపోకుండా పెట్టిన కట్టుబాటు అది. మంచిదే. కానీ చదువుకున్నవాడు ఏ అనుమతీ లేకుండా దాటే గడప దగ్గర చదువులేనిది ఆగి జవాబు చెప్పుకోవాలి. ఆమె దగ్గర అన్ని కాయితాలూ ఉన్నాయి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన రబ్బరు బ్యాండు వేసింది. రాత్రి మూడుసార్లు తీసి చూపించింది. "అన్నీ సరిగ్గానే ఉన్నయ్యా బాబూ?" సరిగ్గానే ఉన్నాయి.

ఇక నా సంగతి. తెనాలిలో పుట్టి పెరిగాను. అక్కడే బీఏ చదివాను. గడప లోపల ఉర్దూ, గడప దాటితే తెలుగు. రెండు భాషల్లోనూ వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. తెలుగు పత్రికలో కూర్చుంటే ఉర్దూ వాడిగా, ఉర్దూ పత్రికకి పోతే ఆంధ్రావాడిగా కనపడే మనిషిని. గల్ఫ్‌లో ఉన్న మా మామూ దగ్గరికి మొదటిసారి వెళ్తున్నాను. విజిటింగ్ వీసా. కొత్త చొక్కా. జేబులో ప్రెస్ కార్డు. విమానాశ్రయంలో ప్రెస్ కార్డుకి పనేముంటుందని మీరడగొచ్చు. ఏమీ లేదు. అయినా పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఏ ఊరి విమానాశ్రయమో రాయను. ఏ ఊరైనా ఒకటే. అప్పట్లో దేశం దాటే ప్రతివాళ్ళూ ఒక చిన్న కార్డు నింపి ఇమిగ్రేషన్ కౌంటర్లో ఇవ్వాలి. మన పౌరులకి ఆ కార్డు 2017 జూలై నుంచి తీసేశారు గానీ, 2011లో ఉంది. పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎక్కడికి, ఎందుకు. అన్నీ ఇంగ్లీషులో. ఆమె కార్డు నాకిచ్చింది. నేనే నింపాను. వేలిముద్ర కాదు, సంతకమే పెడతానంది. తెలుగులో ఒక్కో అక్షరం కూర్చి పెట్టింది. పెట్టి, కార్డు దూరంగా పట్టుకుని చూసుకుంది.

లైన్లో ఆమె నా పక్క కౌంటరుకి చేరింది. అక్కడి ఆఫీసరు తెలుగువాడు కాదు. హిందీలో అడిగాడు. ఆమె తెలుగులో చెప్పింది. అతను మళ్ళీ హిందీలోనే, ఈసారి కొంచెం గట్టిగా అడిగాడు. ఆమె అంది, "నాకు తురకం రాదు సారూ."

ఆ ఆఫీసరుకి తురకం అన్న ముక్క అర్థం కాలేదు గానీ విషయం అర్థమైంది. పాస్‌పోర్టులో పేరు చూశాడు. బురఖా చూశాడు. "ముసల్మాన్ హో, ఉర్దూ నహీఁ ఆతీ?" ముసల్మానువి, ఉర్దూ రాదా? ఇక అక్కణ్ణించి అనుమానం. ఈ పేరు ఈమెదేనా? ఈ పాస్‌పోర్టు ఈమెదేనా? ఫోటో కేసి, మొహం కేసి మార్చి మార్చి చూశాడు. నేను నింపిన కార్డు ఎత్తి పట్టుకుని ఎవరు రాశారని అడిగాడు. ఆ మాత్రం ఆమెకి అర్థమైంది. వేలు పెట్టి నన్ను చూపించింది.

అతను నావైపు తిరిగాడు. "ఆప్‌కే సాథ్ హై?" మీతో వచ్చిందా?

"నహీఁ" అన్నాను.

నా పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. ఆమెని పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను వెనక్కి చూడకుండా నడిచాను. వెనక్కి చూడలేదని ఇప్పటికీ గుర్తుందంటే, చూడకూడదని అప్పుడే అనుకున్నానన్న మాట.

విమానం తలుపు వేసే ముందు ఆమె వచ్చింది. అందరికన్నా చివర. సంచీ గుండెకి హత్తుకుని, సీటు నంబరు చదవలేక, వరసలన్నీ చూసుకుంటూ వచ్చింది. నా దగ్గర ఆగింది. నేను కిటికీ వైపు తిప్పుకున్న మొహం ఇటు తిప్పక తప్పలేదు. ఆమె వంగి మెల్లగా అడిగింది. "బాబూ, నిన్నుగూడా ఆపారా? నీకేం ఇబ్బంది కాలేదు గదా?"

ఏం లేదమ్మా అన్నాను. "అంతే చాల్లే" అని ముందుకి పోయింది.

* * *

నేను అబద్ధం ఆడలేదు. ముందు ఈ విషయం ఒప్పుకోవాలి. ఆమె నాతో రాలేదు. ఆమె టికెట్ వేరు, వీసా వేరు, ఊరు వేరు. కోర్టులో బోనెక్కించి అడిగినా నా జవాబు అదే. మరి నిజం చెప్పినవాడికి ఇన్నేళ్ళూ నిద్రలో ఆ మాట ఎందుకు వినపడుతోంది?

ఎందుకంటే ఆ ఆఫీసరు అడిగింది టికెట్ సంగతి కాదు. ఈమె గురించి నువ్వేమైనా చెప్పగలవా అని అడిగాడు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. నేను మాటకి జవాబిచ్చి, ప్రశ్నని వదిలేశాను. చెప్పాల్సింది నాలుగు ముక్కలు. అయ్యా, మా గుంటూరు వైపు నూర్‌బాషా వాళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఇందులో వింతేమీ లేదు, కాయితాలన్నీ నేను చూశాను, సరిగ్గా ఉన్నాయి. ఒక్క నిమిషం పని. అతను ఒక భాషే వచ్చినవాడు, ఆమె ఒక భాషే వచ్చినది. ఆ గదిలో రెండు భాషలూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండిట్లోనూ నోరు మూసుకున్నాను.

మా మతంలో మొదటి మెట్టు పేరు షహాదత్. సాక్ష్యం అని అర్థం. తెలిసిన సాక్ష్యాన్ని దాచడం పాపమని ఖురాన్ చెప్తుంది. తప్పుడు సాక్ష్యం సంగతి సరే, నోరెత్తని సాక్ష్యం కూడా పాపమేనని చిన్నప్పుడు మసీదులో విన్నాను. అదేదో కోర్టు వ్యవహారం అనుకున్నాను. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర కూడా ఆ లెక్క రాస్తారని తట్టలేదు.

భయపడ్డావు, దానికింత కథ ఎందుకు అంటారు కొందరు మిత్రులు. నిజమే. భయం ఉత్తిది కూడా కాదు. 2007లో కర్ణాటక డాక్టరు మహమ్మద్ హనీఫ్‌ని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. అప్పుడే పుట్టిన కూతుర్ని చూసుకోవడానికి ఇంటికి బయల్దేరినవాడు. గ్లాస్గో దాడి కేసులో బంధువు ఉన్నాడు, అతని బంధువుకి ఈయన ఇంగ్లండు వదిలేటప్పుడు తన సిమ్ కార్డు ఇచ్చి వచ్చాడు. అదీ ఆధారం. ఆ నెలాఖరుకే కేసు నిలబడక ఎత్తేశారు. 2010లో అక్కడి ప్రభుత్వం క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది. కానీ ఆ మూడు వారాల్లో మాలాంటి వాళ్ళందరికీ ఒక పాఠం అందింది. చుట్టరికమే సాక్ష్యం. ఇచ్చిపుచ్చుకోవడమే ఆధారం. సిమ్ కార్డు ఇచ్చినవాడికే అట్లా అయితే, ఎవరో ముక్కూమొహం తెలియనామెకి ఫారం నింపినవాడి సంగతేంటి? నా చేతిరాత ఆ కార్డు మీద ఉంది. ఆమెని చూపించిన వేలు నామీదికి వస్తుందని నా కాళ్ళు వణికాయి.

ఇంత చెప్పినా భయం మొత్తం కారణం కాదు. ఇంకోటుంది. అది చెప్పడం కష్టం. ఉర్దూ వచ్చిన మావాళ్ళు దూదేకుల వాళ్ళని చిన్నచూపు చూస్తారు. వాళ్ళకి నమాజు రాదంటారు, వాళ్ళ పేర్లు సగం హిందువుల పేర్లంటారు. పిల్లనివ్వరు, తెచ్చుకోరు. సర్కారు బీసీ జాబితాలో వాళ్ళకి ఏనాడో చోటు దొరికింది గానీ, మా పెళ్ళి పందిట్లో చోటు దొరకలేదు. ఆ ఆఫీసరు "ముసల్మాన్ హో, ఉర్దూ నహీఁ ఆతీ?" అన్నప్పుడు నాకు కోపం రావాలి. రాలేదు. లోపల ఎక్కడో చిన్న నవ్వు వచ్చింది. ఆ ప్రశ్న మా ఇళ్ళల్లో మేము వెయ్యిసార్లు అడిగిన ప్రశ్నే. అతని నోట్లో మా మాట వినపడింది. బయటివాడి అనుమానానికి లోపలివాడి చిన్నచూపు తోడైతే ఒక మనిషి ఎంత ఒంటరి అవుతుందో ఆ బెంచీ మీద చూశాను. చూడలేదని చెప్పాను గదా. తెలుసు, అంతే.

విమానం దిగిన చోట కూడా ఆమెది వేరే లైను. కఫాలా పద్ధతిలో ఆమె వీసా ఆమె యజమాని చేతిలో ఉంటుంది. కువైట్ లాంటి చోట పనిమనిషి పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదని చట్టంలో రాసుకోవడానికి 2015 దాకా పట్టింది. అక్కడ ఆఫీసరు ముస్లిమే, యజమానీ ముస్లిమే. ఉమ్మత్ అని, మనమంతా ఒకటే అని శుక్రవారం శుక్రవారం వింటాం. ఆ ఉమ్మత్‌లో ఆమె తరఫున ఒక మాట చెప్పేవాళ్ళు అక్కడా లేరు. కాబట్టి ఇది ముస్లిములకీ ముస్లిమేతరులకీ మధ్య పంచాయితీ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కౌంటరుకి ఇవతల నిలబడ్డవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏం చేస్తారన్నది ప్రశ్న.

* * *

తనిఖీలు వద్దని నేననను. 1999లో ఖాట్మండు నుంచి వస్తున్న మన విమానాన్ని కాందహార్‌కి తోలుకుపోయినప్పుడు, 2001లో న్యూయార్క్‌లో విమానాల్నే ఆయుధాలు చేసినప్పుడు, ఎక్కేవాళ్ళ సంచులు చూడాల్సిందేనని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. నేనెక్కే విమానం నాక్కూడా క్షేమంగా దిగాలి. బెల్టు తీయమంటే తీస్తాను. బూట్లు విప్పమంటే విప్పుతాను. అందులో అవమానం లేదు.

అవమానం ఇంకో చోట ఉంది. తనిఖీ జరిగినప్పుడు మనం ఏమని వాదిస్తామో చూడండి.

2009 ఏప్రిల్లో ఢిల్లీలో ఒక అమెరికన్ విమాన సంస్థ వాళ్ళు అబ్దుల్ కలాం గారిని తడిమి చూశారు. మన దేశపు నిబంధనల ప్రకారం మాజీ రాష్ట్రపతికి ఆ తనిఖీ లేదు. జూలైలో సంగతి బయటపడి పార్లమెంటులో గొడవైంది. ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. అదే ఏడు ఆగస్టులో షారుక్ ఖాన్‌ని అమెరికాలో నెవార్క్ విమానాశ్రయంలో ఆపి ప్రశ్నించారు. 2011 సెప్టెంబరులో న్యూయార్క్‌లో విమానం ఎక్కి కూర్చున్న కలాం గారి కోటూ బూట్లూ తనిఖీకి పట్టుకుపోయారు. మళ్ళీ గొడవ, మళ్ళీ క్షమాపణ. ఆ రోజుల్లో తెలుగు పత్రికల్లో వచ్చిన సంపాదకీయాలన్నిటి సారం ఒకటే. ఆయనెవరో తెలీదా? అంతటివాణ్ణి పట్టుకుని ఇట్లా చేస్తారా?

నాకూ కోపం వచ్చింది. నేనూ రాశాను. ఆ తర్వాత రేపల్లె ఆమె గుర్తొచ్చింది. అంతటివాణ్ణి ఇట్లా చేయకూడదంటే, అంతటిది కానిదాన్ని చేయొచ్చనేగా? ఆమె రాకెట్లు ఎగరేయలేదు. సినిమాల్లో నటించలేదు. ఆమె ఎవరో తెలీదా అని అడగడానికి ఎవరూ లేరు. కలాం గారు మాత్రం ఢిల్లీలో నోరు మెదపకుండా నిలబడి తనిఖీ చేయించుకున్నారు. ఫలానావాణ్ణని చెప్పుకోలేదు. నా జేబులో ప్రెస్ కార్డు ఎందుకుందో అప్పుడర్థమైంది. నేను ఆ మిగతావాళ్ళ లాంటివాణ్ణి కాదు అని చెప్పడానికి. ప్రతి మంచి ముస్లిం జేబులోనూ అట్లాంటి కార్డొకటి ఉంటుంది. కొందరికి ఉద్యోగం. కొందరికి ఇంగ్లీషు. కొందరికి తెలుగు పద్యం. అది చూపించి మనం బయటపడతాం. చూపించిన ప్రతిసారీ, కార్డు లేనివాళ్ళ మీద అనుమానం న్యాయమేనని మన చేత్తో రాసిచ్చినట్టు.

ఇప్పుడు ముస్లిములు కాని తెలుగు పాఠకులకి ఒక్క మాట. ఇదంతా మీ సంగతి కాదనుకోవద్దు.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లో, హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక మాజీ నావికాదళ సైనికుడు కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడు మాదసాని అలోక్ గాయపడ్డాడు. నా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చాడు. ఆ తర్వాత ఇంకో ఊళ్ళో బారులో కూర్చుని, ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పుకున్నాడు. 2018లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

ఆ రాత్రి డెస్కులో నేనున్నాను. ఇరానీయులని పొరబడి కాల్చాడు అని శీర్షిక పెట్టాను. వాస్తవమే. మర్నాడు అచ్చులో చూసుకుంటే ఆ పొరబడి అనే మాట దగ్గర ఆగిపోయాను. పొరబడకపోతే? నిజంగా అక్కడ ఇరాన్ కుర్రాడే ఉండుంటే, తూటా సరైన చిరునామాకి చేరినట్టా? చనిపోయింది తెలుగు బిడ్డ. ఏడ్చాం. కానీ ఆ ఏడుపులో మనకి తెలియకుండానే, మేము వాళ్ళం కాదు, వాళ్ళు వేరే ఉన్నారు అన్న ఫిర్యాదు కలిసింది. 2011లో కౌంటర్ దగ్గర నేనన్న "నహీఁ" అదే. శీర్షికలో పడ్డాక దాన్ని లక్షల మంది చదివారు.

ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఎంత భయపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. నలుగురిలో మాతృభాషలో మాట్లాడకండని అక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకటి సలహా ఇచ్చిందని పత్రికల్లో వచ్చింది. మనమిక్కడి వాళ్ళమేనా అని శ్రీనివాస్ భార్య సునయన బహిరంగంగా అడిగింది. తెనాలిలో, గుంటూరులో పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. బయటికి పోకు, గొంతు పెంచకు, మన మాట మాట్లాడకు. 1992 డిసెంబరు తర్వాత మా అమ్మీ నాకు చెప్పిన మాటలు అక్షరం మారకుండా ఇవే. బస్సులో ఉర్దూలో మాట్లాడకు, నన్ను అమ్మీ అని గట్టిగా పిలవకు అనేది. నాకప్పుడు పన్నెండేళ్ళు. 2017లో ఒక నెలపాటు తెలుగువాళ్ళంతా సాయిబులయ్యారు. ఎగతాళికి అనటం లేదు. ఆ నెల మీకెట్లా గడిచిందో గుర్తు తెచ్చుకుంటే, మేము చెప్పేది మీకు కొత్త భాషలా వినపడదు.

ఇంత తెలిసినవాణ్ణి మారిపోయానని అనుకుంటారేమో. మరుసటి ఏడు, 2018లో, మా తమ్ముడి దగ్గరికి నేనే అమెరికా పోయాను. దిగగానే ఒక అధికారి మర్యాదగా నన్ను ఇంకో గదికి పంపాడు. అక్కడ కుర్చీల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. నా పేరు లాంటి పేర్లే పిలుస్తున్నారు. నా పక్కన తెల్లగడ్డం పెద్దాయన కూర్చున్నాడు. నావైపు తిరిగి ఉర్దూలో, చక్కటి ఉర్దూలో అడిగాడు. "మియాఁ, ఆప్ కహాఁ సే?" మీదెక్కడ?

నేను ఇంగ్లీషులో "ఇండియా" అన్నాను. అని, సంచీ తీసి మా ఇద్దరి మధ్య పెట్టాను.

ఆయనది లక్నోనో లాహోరో నేనడగలేదు. ఏదో అయి ఉంటుందని నా అంతట నేనే అనుకున్నాను. ఉర్దూలో రాసి అన్నం తినేవాణ్ణి. ఉర్దూలో పలకరించిన ముసలాయనకి ఉర్దూలో జవాబివ్వలేకపోయాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. గంట తర్వాత నన్ను పంపించారు. వెళ్తూ సలాం కూడా చెప్పలేదు. ఎవరూ నన్నలా ఉండమనలేదు. ఆ గదిలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. తనిఖీ చేసేవాడి కన్ను నా లోపలే కూర్చుంది. దానికి వీసా అక్కర్లేదు. నేనెక్కడికి పోతే అక్కడికి వస్తుంది.

ఓలేథ్ బారులో ఆ రోజు ఇంకో మనిషి ఉన్నాడు. ఇయాన్ గ్రిల్లట్, ఇరవై నాలుగేళ్ళ అమెరికన్ కుర్రాడు. తుపాకీ పట్టుకున్నవాడి వెంట పడ్డాడు. తూటా తగిలి ఆస్పత్రి పాలయ్యాడు, బతికాడు. వాళ్ళిద్దరూ ఇరానీలా, ఇండియన్లా, హిందువులా, ముస్లిములా అని కనుక్కుని లేవలేదు. మీతో వచ్చారా అని అతన్నెవరైనా అడిగితే, రాలేదనేదే నిజం. ఆ నిజం అతనికి అడ్డం రాలేదు. నాకు ఆ నిజమే చాటు అయింది. అందరూ తూటాకి ఎదురుపోవాలని నేననను. నన్నడిగింది తూటాకి ఎదురుపొమ్మని కాదు. నాలుగు ముక్కలు తెలుగులోంచి హిందీలోకి చెప్పమని.

* * *

2023లో మా అమ్మీ హజ్‌కి పోయింది. ఆ ఏడే మొదటిసారి గన్నవరం నుంచి హజ్ విమానాలు వేశారు. అంతకుముందు మా వైపు వాళ్ళంతా హైదరాబాదు పోయి ఎక్కాల్సిందే. మా డబ్బుతో మీరు మక్కా పోతారని దెప్పేవాళ్ళకి చెప్పాలి, హజ్ సబ్సిడీ 2018లోనే ఎత్తేశారు. అమ్మీ తన గాజులమ్మిన డబ్బుతో పోయింది. అబ్బా పోయి చాలా ఏళ్ళయింది. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళు మగతోడు లేకుండా జట్టుగా పోవచ్చని 2018 నుంచి వీలు కల్పించారు. అట్లా నలుగురు కలిశారు. హజ్ కమిటీ లెక్కల్లో ఒక దరఖాస్తు మీద పోయేవాళ్ళని ఒక కవరు అంటారు. ఒకరు తెనాలి, ఒకరు రేపల్లె, ఇద్దరు చీరాల. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళు కాదు. చీరాల వాళ్ళలో ఒకామె నూర్‌బాషా. ఉర్దూ రాదు.

తిరిగొచ్చాక ఖర్జూరాలు పంచుతూ అమ్మీ ప్రయాణం కబుర్లు చెప్పింది. గన్నవరంలో సెక్యూరిటీ దగ్గర ఆ చీరాల ఆమె చేతి సంచిలో గోంగూర పచ్చడి సీసా దొరికిందట. డ్యూటీలో ఉన్న అమ్మాయి నవ్వి, ఇది పైకి తీసుకుపోకూడదమ్మా, సంచి మొత్తం చూడాలి, ఆగండి అంది. మిగతా ముగ్గుర్నీ మీరు వెళ్ళండమ్మా, మీది అయిపోయింది అంది. అమ్మీ కదల్లేదు. "ఒకే కవరు తల్లీ. ఆమె వచ్చాక పోతాం" అంది. ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. సీసా పోయింది. నలుగురూ కలిసి లోపలికి పోయారు.

ఈ మాట చెప్పేటప్పుడు అమ్మీ గొంతులో గొప్పేమీ లేదు. పచ్చడి పోయినందుకు విచారించింది, అంతే. నేను మాత్రం అన్నం ముందు కూర్చుని, పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాను. తెనాలి ప్లాట్‌ఫారం, ఇమానం, ఫారం, "నహీఁ", బెంచీ, చివరికి ఆమె అడిగిన మాట. అంతా విని అమ్మీ నన్ను తిట్టలేదు. పోనీలే బేటా అని కూడా అనలేదు. కాసేపాగి ఒక్కటే అడిగింది.

"ఆమె పేరేంటిరా?"

ఆ పేరు నా చేత్తోనే రాశాను. పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎక్కడికి, ఎందుకు. పెద్దక్షరాలతో గడి గడికీ ఒక అక్షరం చొప్పున నింపాను.

ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.